అప్‌డేట్: అమ్మ చెవిలో చీము కొలెస్టియటోమా అని తేలింది, ఆపరేషన్ అయింది

కావలిలో ఉండే మా అమ్మకు ఎడమ చెవి నుంచి కంపు కొట్టే చీము ఎన్ని చుక్కల మందులు వేసినా ఆగడం లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. 'చుక్కలు మార్చడం ఆపి, మైక్రోస్కోపుతో చూసే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికెళ్లి సీటీ తీయించండి' అన్న సలహానే పనికొచ్చింది.

నెల్లూరులో చూపించాం. కర్ణభేరి పైభాగంలో గుంట పడి, అందులో తెల్లగా పొట్టులా చర్మం పేరుకుపోయిందట, దాన్నే కొలెస్టియటోమా అంటారట. క్యాన్సర్ కాదు గానీ పక్కనున్న ఎముకను తినేస్తుంది, మందులకు కరగదు. సీటీలో చూస్తే చెవి లోపలి మూడు చిన్న ఎముకల్లో మధ్యది అప్పటికే అరిగిపోయింది. చెవి వెనక కోసి మాస్టాయిడెక్టమీ (చెవి వెనకున్న ఎముకను తొలిచి ఆ పొట్టును తీసేసే ఆపరేషన్) చేశారు. కణత కండరం మీది పొర తీసి కర్ణభేరికి అతికారు. ముఖనరం అటుగానే వెళ్తుంది కాబట్టి మూతి వంకరపోతుందేమోనని మా టెన్షన్. అలాంటిదేమీ కాలేదు. నాలుక ఒక పక్క రుచి మాత్రం కొన్నాళ్లు తేడాగా ఉందంది.

జవాబుల్లో కొందరు కారణమన్న ట్యాంకు నీళ్లు, సైనస్, పుచ్చుపన్ను: అమ్మ విషయంలో ఇవేవీ కారణం కావు.

వినికిడి పూర్తిగా రాలేదు, ఆ ఎముక సంగతి తర్వాత చూద్దామన్నారు. మళ్లీ పెరగొచ్చు కాబట్టి చెకప్‌లు తప్పవు. తలస్నానానికి వాజిలిన్ పూసిన దూది పెట్టుకోవాలి.