పదును పోయింది: వాదరదా, ఉక్కుదా?

ప్రశ్న, డాలస్ నుంచి:

టెక్సస్‌లో జింకల వేటకు వెళ్లే తెలుగువాళ్ల కోసం కత్తి వాడకం, సంరక్షణ మీద చిన్న కరపత్రం తయారవుతోంది. మడత చాకు గురించి కాదు. అలుగు పిడిలో స్థిరంగా బిగిసి ఉండే కత్తి, అలుగు పొడవు నాలుగు అంగుళాల లోపు. ఇందులో రెండు వేర్వేరు దోషాలు చెప్పాలి: టెంపర్ (కాచి తెచ్చిన ఉక్కు గట్టిదనం) పోవడం, ఎడ్జ్ (కోసే అంచు) పోవడం. తెలుగులో రాసేసరికి రెండూ "పదును పోయింది" అనే అవుతున్నాయి. వేరు చేసే దారి చెప్పగలరా? కత్తి భాగాలకు మన పేర్లు కూడా కావాలి.

జవాబు, నిజామాబాద్ నుంచి:

పేర్లకు కొరత లేదండీ. పిడి పోను మిగిలిందంతా అలుగు. అందులో కోసే అంచు వాదర, కొసన మొన, వాదరకు ఎదురుగా మందంగా ఉండేది వెన్ను. పిడి మూతి చీలకుండా తొడిగే లోహపు కట్టు పొన్ను, రోకలికి ఉండే పొన్నే ఇదీను. కత్తి దూర్చేది ఒర. ఫుల్ టాంగ్‌ను మాత్రం అలాగే ఉంచండి, బలవంతంగా మాట పుట్టించొద్దు. అలుగు ఇనుమే పిడి అంత వెడల్పున పిడి చివరిదాకా సాగి, దానికి రెండు పక్కలా చెక్కలు రివెట్లతో బిగిస్తే ఫుల్ టాంగ్ అని ఒక వాక్యం చేర్చండి, చాలు.

ఇక పదును. ఈ మాటకు కోసే వాడి ఒక్కటే అర్థం అనుకోవడం వల్లే చిక్కంతా. రైతు "నేల పదును మీదుంది" అంటే తడి దుక్కికి సరిపోయేలా ఉందని. తోలు పదును చేయడమంటే పచ్చి చర్మం కుళ్లకుండా వాడకానికి తయారు చేయడం. కమ్మరి పదును పెట్టడమంటే ఎర్రగా కాల్చిన ఇనుమును ముంచి గట్టిపరచడం. సానపట్టేవారికి వాదరను తేల్చడం. పనికి కావలసిన స్థితికి వచ్చి ఉండటం అన్నది వీటన్నిటిలో ఉంది. అందుకే కరపత్రంలో పదును ఒంటరిగా రాయకండి. ఎడ్జ్ పోతే "వాదర మొద్దుబారింది". టెంపర్ పోతే "ఉక్కు పదును దిగింది". మొదటిది రాయి మీద నూరితే వస్తుంది. రెండోది ఎంత నూరినా రాదు, మళ్లీ కొలిమికే వెళ్లాలి. పాఠకుడికి తెలియాల్సిన తేడా ఇదే.

ఉక్కు మాట ఎటూ వచ్చింది కాబట్టి: మా జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఈ మూస ఉక్కును ఇంగ్లీషులో ఊట్జ్ అంటారు, ఆ మాటకు మూలం ఉక్కే అని చాలామంది పండితుల అభిప్రాయం.

జవాబు, కర్నూలు నుంచి:

పై మాటల విభజన సరైనదే. కొలిమి దగ్గర మాత్రం పదునులో రెండు మెట్లున్నాయి, కరపత్రంలో అవి కలిసిపోకూడదు. 1095 రకం కార్బన్ ఉక్కునే తీసుకోండి. అయస్కాంతం అంటుకోవడం మానేసిన తర్వాత ఇంకాస్త కాచి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గోరువెచ్చని నూనెలో ముంచుతారు. నీళ్లలో ముంచితే సన్నటి అలుగు పగిలే ప్రమాదం ఎక్కువ. ముంచి తీసిన అలుగు గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరగొచ్చు. అందుకని 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు కాచి పెళుసుతనం తగ్గిస్తారు. ఇంగ్లీషులో టెంపర్ అనేది ఈ రెండో మెట్టును. మనవాళ్లు రెండూ కలిపి పదును అనేస్తారు. సరిగ్గా కుదిరితే గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దరిదాపు వస్తుంది. లారీ కమాను పట్టీతో చేసిన కత్తిలో కార్బన్ తక్కువ, 0.6 శాతం దరిదాపు. వాదర కాస్త త్వరగా మొద్దుబారినా దెబ్బకు బాగా ఓర్చుకుంటుంది.

పదును దిగడానికి మామూలు కారణం కరెంటు సానచక్రం. నీళ్లు లేకుండా ఒత్తి పట్టుకుంటే వాదర క్షణాల్లో వేడెక్కుతుంది. రంగు చూసి పోల్చుకోవచ్చు: లేత గడ్డి రంగు 200 డిగ్రీల పైన, ఊదా 280 దరిదాపు, నీలం 300. వాదర దగ్గర నీలం తేలితే ఆ మేర ఉక్కు మెత్తబడినట్టే. అది అంచు వరకే అయితే కొలిమి దాకా పోనక్కర్లేదు, ఆ భాగాన్ని వేడెక్కకుండా తడుపుతూ అరగదీసి తొలగించాలి.

డాలస్ నుంచి:

బాగా తేలిపోయిందండీ. రంగు కనబడకపోతే, వాడేవాళ్లు ఏది పోయిందో ఎలా గుర్తుపట్టాలి?

కర్నూలు నుంచి:

ముందు సరిగ్గా నూరి చూడాలి. వాదర కోణం ఒక్కో పక్క 20 డిగ్రీలు అనుకోండి. అలుగు వెడల్పు 25 మిల్లీమీటర్లైతే వెన్ను రాయి మీంచి దాదాపు 8.5 మిల్లీమీటర్ల ఎత్తున నిలవాలి. వాదర అంచుకు మార్కర్ పూసి రాయి మీద రెండుసార్లు నూరండి. రంగు అంచు దాకా పోకుండా వెన్నువైపే పోతే కత్తి మరీ పడుకోబెట్టినట్టు, అంచునే పోతే మరీ ఎత్తినట్టు. 400 నంబరు గరుకు రాయి మీద ఒక పక్క నూరుతూ ఉంటే అవతలి పక్కకు సన్నటి ఇనుప పొర ఒరుగుతుంది. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపు జరిపితే గీరుకుంటుంది; అంచు పొడవునా మాత్రం వేలు జరపకూడదు. ఆ పొర మొన దాకా వచ్చాకే రెండో పక్కకు మారాలి. తర్వాత 1000 నంబరు నున్నటి రాయి, చివర తోలు పట్టీ మీద వెన్ను ముందుగా లాగడం. నూరినా వాదర నిలవలేదనే కత్తుల్లో ఎక్కువ ఈ పొర తీయనివే. పొర ఉన్నంతసేపు కత్తి కాగితం కోసినట్టే కనిపించి, రెండు కోతల్లో మడతపడి మొద్దుబారుతుంది.

ఇంత చేసినా కాసేపటికే వాదర దొర్లి మడతపడుతుంటే ఉక్కు మెత్తబడిందనుకోవచ్చు. మడవకుండా చిన్న చిన్న ముక్కలై రాలుతుంటే మరీ పెళుసు, రెండో మెట్టు తక్కువైంది. ఒకటి గుర్తుంచుకోండి: జింక కటి ఎముక మీద కత్తితో పెకిలించినా, వెన్ను మీద కట్టెతో కొట్టినా మంచి పదునున్న అలుగు కూడా రాలుతుంది. దానికి చిన్న రంపం వాడాలి.

చెన్నై నుంచి, తోలు పని తెలిసినవారు:

ఒర సంగతి వదిలేయకండి. తోలు పదును రెండు రకాలు. తంగేడు చెక్క, కరక్కాయ వంటివాటితో చేసింది ఒరకు మేలు. తడిపి అలుగు ఆకారానికి ఒదిగేలా అచ్చు వేయవచ్చు, ఆరితే గట్టిగా నిలుస్తుంది. క్రోమ్ పదును తోలు మెత్తన, అందులో మిగిలే లవణాలు కార్బన్ ఉక్కును తుప్పు పట్టిస్తాయి. ఏ తోలైనా తేమ పట్టి ఉంచుతుంది. కాబట్టి కత్తిని నడుముకు కట్టుకోవడానికే ఒర, ఇంట్లో దాచడానికి కాదు. గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, తినదగిన మినరల్ ఆయిల్ సన్నగా పూసి విడిగా పెట్టాలి. ఒర కుట్టేటప్పుడు రెండు పొరల మధ్య అంచున మరో తోలు పట్టీ ఉందో లేదో చూడండి. అది లేకపోతే తీసి పెట్టేటప్పుడు వాదర నేరుగా దారాన్ని కోసేస్తుంది.

నిజామాబాద్ నుంచి:

ఈ కరపత్రం ఇండియాలో చదివేవారికి ఒక గమనిక చేర్చండి. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద జాబితాల్లోని అడవి జంతువుల వేట నిషిద్ధం. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. వంటకు, సేద్యానికి చేసినవాటిని అందులోంచి మినహాయించారు.