సెకండ్‌హ్యాండ్ బోటు: నీళ్ళలో దించి చూడకుండా కొనొచ్చా? (డాలస్)

ప్లేనో_కిరణ్:
అందరికీ నమస్తే. నాలుగు కుటుంబాలం కలిసి ఒక బోటు కొందామనుకుంటున్నాం. 2014 మోడల్ బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లుండే బోటు), 21 అడుగులు, 4.3 లీటర్ మెర్‌క్రూయిజర్ వి6 ఇంజను, స్టెర్న్‌డ్రైవ్ (ఇంజను లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక బయట). మీటర్లో ఇంజను నడిచింది 210 గంటలు. ట్రెయిలర్‌తో కలిపి 18,500 డాలర్లు చెప్తున్నారు. అమ్మే ఆయన మనవాడే. ఇంటి ముందే మఫ్స్ (డ్రైవ్‌లో నీళ్ళు లాగే రంధ్రాల మీద బిగించే రబ్బరు కప్పులు) తగిలించి, గార్డెన్ పైపుతో నీళ్ళిచ్చి స్టార్ట్ చేసి చూపించారు, బాగానే ఆడింది. లూయిస్‌విల్ లేక్‌లో దించి చూద్దామంటే మాత్రం "ఇప్పుడే మెకానిక్‌తో మాట్లాడి పెట్టుకున్నా, రేపు వింటరైజ్ (చలికి ముందు ఇంజన్లో నీళ్ళు తీసెయ్యడం) చేసేస్తాడు, మళ్ళీ మళ్ళీ ఖర్చు" అంటున్నారు. ఈ వారంలో తేల్చేస్తే వెయ్యి తగ్గిస్తారట. ఏం చెయ్యమంటారు?

లేక్‌పిచ్చోడు:
వద్దు. అంతే.

ఓరుగల్లు_అన్న:
పదకొండేండ్లల్ల 210 గంటలేనా? ఏడాదికి 20 గంటలు గూడ నడపలే. నిల్వ ఉన్న బండికే రోగాలెక్కువ తమ్మీ.

ఫ్రిస్కో_శ్రీను:
తక్కువ నడిపితే తప్పు, ఎక్కువ నడిపితే తప్పు. మఫ్స్ మీద చక్కగా ఆడిన ఇంజను నీళ్ళలో ఎందుకాడదో ఒక్కరు చెప్పండి.

మెకానిక్_మావ:
నేను చెప్తానండి. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని.
పైపులోంచి నీళ్ళు ప్రెషర్‌తో వస్తాయి. నీళ్ళు లాగే పంపులోని ఇంపెల్లర్ రెక్కలు అరిగిపోయినా ఆ ప్రెషరే ఇంజన్ను చల్లగా ఉంచేస్తుంది. లేక్‌లో అది సొంతంగా నీళ్ళు లాక్కోవాలి, అక్కడ టెంపరేచర్ ముల్లు లేస్తుంది. రెండోది, ప్రొపెల్లర్ లోపల, దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే రబ్బరు హబ్ జారిపోయి ఉంటే ఖాళీగా తిరిగినప్పుడు తెలియనే తెలియదు. లోడు పడ్డాకే, ఇంజను అరుస్తుంది గానీ బోటు కదలదు. ఈ ఇంజన్‌కి ఫుల్ థ్రాటిల్‌లో 4,400 నుంచి 4,800 ఆర్‌పీఎం రావాలి. మఫ్స్ మీద అంత తిప్పి చూడకూడదు కూడా.
అన్నిటికన్నా ముఖ్యం బెలోస్. డ్రైవ్ బోటు వెనక గోడలోంచి బయటికొచ్చే చోట మడతలు మడతలుగా రబ్బరు తొడుగు ఉంటుంది చూడండి, అదే. ఆ మడత సందులో చిన్న చిరుగున్నా ట్రెయిలర్ మీద చుక్క పడదు. నీళ్ళలో దించి అరగంట కట్టేసి, బోటు అడుగున నీళ్ళు చేరే బిల్జ్‌లో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. రాత్రంతా డాక్‌లో వదిలేస్తే పొద్దున బోటుండదు.

ఫ్రిస్కో_శ్రీను:
బెలోస్ మార్పిస్తే పోయేది. ఇంజను గురించి అడిగితే రబ్బరు గురించి చెప్తున్నారు.

అట్లాంటా_సుధ:
అమ్మేవాళ్ళ గోడు కూడా వినండి. పోయినేడాది లేక్ లానియర్ దగ్గర మా బోటు అమ్మకానికి పెట్టాం. ఒకాయన టెస్ట్ రైడ్ అని వచ్చి, భార్య, ఇద్దరు పిల్లలు, అత్తమామలు, పులిహోర డబ్బాతో సహా ఎక్కారు. పెట్రోలు మాది, బోటు దించే ర్యాంప్ ఫీజు మాది. ఫొటోలు దిగి "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అన్నారు. ఇంతవరకు ఫోను లేదు. ఇంకో ఇద్దరూ అంతే. ఆయన దించనన్నాడంటే దొంగ అని కాదు, విసిగిపోయి ఉండొచ్చు.

లేక్‌పిచ్చోడు:
పులిహోర మిగిలిందా?

మెకానిక్_మావ:
సుధగారు, దానికి పద్ధతి ఉందండి. డిపాజిట్ తీసుకోండి. "నీళ్ళ మీద నడిపి చూసి తృప్తిగా ఉంటేనే కొంటాం, లేకపోతే డిపాజిట్ వెనక్కి" అని కాగితం మీద రాసుకోవాలి. పెట్రోలు, ర్యాంప్ ఫీజు కొనేవాడివి. ఈ దేశంలో బోట్లు ఇలాగే చేతులు మారతాయి. మూడు వేల డాలర్లు చేతిలో పెట్టినవాడు పులిహోరతో రాడు. పిలిస్తే బోట్లు తనిఖీ చేసే సర్వేయర్ కూడా వస్తాడు, బోటు పొడవును బట్టి అడుగుకింత అని తీసుకుంటాడు.

ఓరుగల్లు_అన్న:
గంటల సంగతి ఎవ్వలూ మాట్లాడ్తలేరు. ఆ మీటరు మార్చిండేమో?

మెకానిక్_మావ:
ఇంజన్లో కంప్యూటర్ ఉంటే స్కానర్ పెట్టొచ్చన్నా. అసలు గంటలూ, ఏ ఆర్‌పీఎంలో ఎంతసేపు నడిపాడో కూడా చెప్తుంది. డాష్‌బోర్డు మీటర్ని నమ్మక్కర్లేదు.

గోదారి_గట్టు:
మా వైపు ఎద్దుని కొట్టంలో చూసి బేరం చేసినా, కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నించాకే డబ్బులిచ్చేవారండి.

ఫ్రిస్కో_శ్రీను:
సామెతలు బాగున్నాయి. ఈ బోటు 2019 నుంచి ఒకే మనిషి చేతిలో ఉంది. ఆయన్ని పదేళ్ళుగా ఎరుగుదును. మర్యాదస్తుడు.

ప్లేనో_కిరణ్:
2019 నుంచి డ్రైవ్‌వేలోనే ఉందని నాతోనూ అన్నారు.

మెకానిక్_మావ:
ఆగండాగండి. అంటే 2021 ఫిబ్రవరి చలిలో ఇది డాలస్‌లో బయటే ఉందా? ఆ వారం ఎన్ని బోట్ల ఇంజన్ బ్లాకులు (సిలిండర్లుండే ఇనప దిమ్మెలు) పగిలాయో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. టెక్సస్‌లో చాలామందికి చలికి ముందు ఇంజన్లోంచి నీళ్ళు తీసెయ్యాలన్న ధ్యాసే ఉండదు. లోపల మిగిలిన నీళ్ళు గడ్డకడితే వ్యాకోచించి ఇనప బ్లాకునే చీలుస్తాయి. కొందరు ఎపాక్సీ పూసి, పైన నల్ల పెయింట్ కొట్టి అమ్మేశారు. సన్న చీలికైతే మఫ్స్ మీద ఐదు నిమిషాలకి బయటపడదు. బాగా వేడెక్కి, లోడు పడ్డాక నీళ్ళు ఆయిల్లోకి వస్తాయి. అప్పుడు డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే పుల్ల) తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. ఆ యేడు వింటరైజ్ చేయించిన బిల్లు ఉందేమో అడగండి.

ఫ్రిస్కో_శ్రీను:
బిల్లులు అడగడానికి ఆయనేమన్నా డీలరా? ఆ వారం కరెంటు లేక ఆయన భార్యా పిల్లలతో ఐదు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. అలాంటివాణ్ణి నిలబెట్టి "నీ బోటు పగిలిందా" అని అడగాలా?

మెకానిక్_మావ:
ఐదు రోజులు మీ ఇంట్లో ఉంటే బోటు దగ్గర ఎవరున్నారండి?

లేక్‌పిచ్చోడు:
అయ్యబాబోయ్.

ప్లేనో_కిరణ్:
బావా, ఇది మీరేనా?

ఫ్రిస్కో_శ్రీను:
నేనే. నువ్వు నాతో ఒక్క మాట అనకుండా నా స్నేహితుడి బోటుని పదిమందిలో పోస్టుమార్టం చేయిస్తున్నావు కదా, అందుకని ఏమంటారో చూద్దామని వచ్చా. టెస్ట్ గిస్ట్ అంటే నేను ఆయన మొహం ఎలా చూడాలి? రేపు పొద్దున ఆఫీసులో పక్క సీటు.

ప్లేనో_కిరణ్:
ఆదివారం భోజనాల దగ్గర రెండుసార్లు కదిపాను బావా. మీరు "మనవాడేరా" అని మాట మార్చేశారు. నాకు ఆయన మీద అనుమానం లేదు. నేను అడుగుతున్నది వేరే. మే నెలలో లేక్ మధ్యలో ఇంజను పోయిందనుకోండి. ప్రైవేటు అమ్మకం, ఉన్నది ఉన్నట్టు అని సంతకం పెడతాం, ఆయన్ని అడగలేం. కొత్త ఇంజను ఖర్చు నలుగురం పంచుకోవాలా, సిఫార్సు చేసిన మీరు పెట్టుకుంటారా? ఈ సంగతి తేలక మిగతా ఇద్దరూ చెక్కులు ఇవ్వట్లేదు. మీకు చెప్పడానికి మొహమాటపడి నన్ను ముందుకి తోశారు.

ఫ్రిస్కో_శ్రీను:
ఓహో. అంటే లాభం వస్తే నలుగురిదీ, నష్టం వస్తే నాదీ.

అట్లాంటా_సుధ:
శ్రీనుగారూ, ఆయన అలా అనలేదు.

ఓరుగల్లు_అన్న:
నలుగురు ఒక బోటు కొంటే మూడో నెలల మాటలు బంద్ అయితయ్. కొనకముందే మీకు బంద్ అయితున్నయ్, మంచిదే.

మెకానిక్_మావ:
శ్రీనుగారూ, ఒక మాట వినండి. మొహమాటం మీకు గనక మీరు అడగొద్దు. కిరణ్ గారిని డిపాజిట్ చెక్కుతో పంపండి. అడిగేది స్నేహితుడు కాదు, కొనేవాడు. నిజంగా బోటు బావుంటే ఆయనకి పోయేదేమీ లేదు. వింటరైజ్ చేసే ముందే దించమనండి, ఖర్చు రెండుసార్లవదు. దించే ముందు ఇంజను చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి. ముందే వేడి చేసి ఉంచితే, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయించే ఇంజను కూడా మీ ముందు టక్కున అందుకుంటుంది. అరగంట నడిపాక డిప్‌స్టిక్, డ్రైవ్ గేర్ ఆయిల్, బిల్జ్ మూడూ చూడండి. సిలిండర్లన్నిటికీ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) తీయించండి, ఒకదానికొకటి పది శాతం లోపు తేడా ఉంటే పరవాలేదు. టైటిల్‌లో (యాజమాన్య పత్రంలో) ఉన్న హల్ నంబరూ (బోటు గుర్తింపు నంబరు), బోటు వెనక కుడిపక్క చెక్కి ఉన్న నంబరూ ఒకటేనా చూసుకోండి. ట్రెయిలర్ కాగితాలు వేరు, బోటు కాగితాలు వేరు. బోటుది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్ళ దగ్గర మార్చుకోవాలి.

ప్లేనో_కిరణ్:
బావా, చెక్కు నేను రాస్తాను. పెట్రోలూ నాదే. మీరు పక్కనుంటే చాలు.

ఫ్రిస్కో_శ్రీను:
వింటరైజ్ ఆపి శనివారం ఎనిమిదింటికి దింపుతాడేమో ఫోన్ చేసి చూస్తా. 2021 బిల్లు మాట మాత్రం నేనెత్తను. నువ్వే అడుక్కో.