ఊళ్లోని క్లినిక్‌లో వైద్యం సవ్యంగా జరుగుతోందో లేదో ఎలా అంచనా వేసుకోవాలి?

ప్రశ్న (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి):
మా అమ్మగారికి చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. ఇన్నాళ్లూ చూసిన డాక్టరు గారు వయసు మీదపడి ప్రాక్టీసు మానుకోవడంతో, కొందరు డాక్టర్లు కలిసి నడుపుతున్న ఒక క్లినిక్‌కు మారాము. అక్కడ హస్తవాసి మంచిదని బజారంతా చెబుతారు, రద్దీ కూడా ఎక్కువే. అయితే అమ్మ కుర్చీలో కుదురుకోకముందే కాంపౌండరు జాకెట్టు చేతి మీదుగానే పట్టీ చుట్టి బీపీ చూసేస్తున్నాడు, పాత చీటీ అడగకుండానే డాక్టరు గారు కొత్తది రాసేస్తున్నారు. శ్రీకాకుళమో బరంపురమో తీసుకెళ్లమని బంధువులు అంటున్నారు గానీ, ఆమె నెలనెలా అంత ప్రయాణం చేయలేరు. వైద్యం తెలియని మాలాంటివాళ్లు దేనిని చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు (బరంపురం నుంచి, విశ్రాంత నర్సు):
అమ్మా, రద్దీని, హస్తవాసిని ముందు పక్కన పెట్టండి. మామూలు జలుబు జ్వరాలు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కనుక ఆ పేరు ఎవరికైనా వస్తుంది. షుగరు, బీపీల విషయంలో మాత్రం క్రమం తప్పకుండా ఏం చేస్తున్నారన్నదే ముఖ్యం. బీపీ చూసే ముందు రోగిని 5 నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, బట్ట అడ్డులేని చేతిని గుండె ఎత్తులో ఉంచి చూడాలి. తప్పుగా చూసిన అంకెను నమ్మి మందు పెంచితే, పెద్దవయసువారు లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షను ఏడాదికి కనీసం రెండుసార్లు, మందు మార్చినప్పుడు మూడు నెలలకోసారి చేయిస్తారు. ఏడాదికోసారి మూత్రపిండాల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, వాటితోపాటు కంటి రెటీనా చూడాలి. అన్నిటికంటే నేను గట్టిగా అడిగేది ఒకటుంది: అమ్మగారి చెప్పులు విప్పించి, వేళ్ల సందులు, అరికాళ్లు ఎప్పుడైనా చూశారా? షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా నొప్పి తెలియదు. మోకాళ్ల నొప్పులకు షాపులో కొని మింగే బిళ్లల గురించి అడిగారో లేదో కూడా గమనించండి. వాటిలో చాలావరకు మూత్రపిండాలకు హాని చేయగలవు. కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న ఉద్దానం మనకు పక్కనే ఉంది.

జవాబు (రాయగడ నుంచి):
చీటీ మీద డాక్టరు గారి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం అది ఉండి తీరాలి. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి. మనవైపు మరో చిక్కుంది: చీటీ ఇంగ్లీషులో, మందుల షాపులో చెప్పేది ఒడియాలో, అమ్మగారికి వచ్చేది తెలుగు. ఏ బిళ్ల తిండికి ముందో, ఏది తరువాతో ఆమె చేత తిరిగి చెప్పించుకునేవారు అక్కడ ఒక్కరైనా ఉంటే, ఆ క్లినిక్‌ను నేను సగం నమ్ముతాను.

జవాబు (గుణుపురం నుంచి):
చిన్న ఊరి డాక్టరు అన్నీ తానే చేయాలనుకోవడం న్యాయం కాదు. తన చేతిలో లేనిదాన్ని ఆలస్యం చేయకుండా, వివరాలు రాసిన ఉత్తరంతో పెద్దాసుపత్రికి పంపుతున్నారా అన్నది చూడాలి. మలేరియా ఉన్న ప్రాంతం కనుక, జ్వరమనగానే సెలైన్ ఎక్కించకుండా ముందు రక్తపరీక్ష చేసేవారిని నేను మెచ్చుకుంటాను.

పర్లాకిమిడి:
అందరికీ కృతజ్ఞతలు. ఈసారి పాత చీటీలన్నీ పట్టుకెళ్లి, పాదాల పరీక్ష గురించి నేనే అడుగుతాను. ఇంట్లో బీపీ మిషను ఉంచుకోమంటారా?

బరంపురం:
తప్పకుండా ఉంచుకోండి, మణికట్టుకు పెట్టేది కాకుండా మోచేతి పైభాగానికి చుట్టేదే కొనండి. క్లినిక్‌కు వెళ్లే ముందు కొన్నాళ్లపాటు ఉదయం, సాయంత్రం చూసి తేదీతో సహా పుస్తకంలో రాసి, డాక్టరు గారి ముందు ఉంచండి. ఆయన ఆ పేజీలు చదివి మందు నిర్ణయిస్తే అక్కడే కొనసాగండి. చూడకుండా పక్కకు నెట్టేస్తే వేరే డాక్టరును వెతుక్కోండి.