గోల్కొండ వీఆర్‌లో చప్పట్లు తలతోపాటే తిరుగుతున్నాయి, ఏం చేయాలి?

ఎక్కడ_సౌండ్:
ఒక మ్యూజియం ఎగ్జిబిషన్ కోసం గోల్కొండ మీద ఆరు నిమిషాల వీఆర్ (హెడ్‌సెట్ పెట్టుకుని చూసేది) చేస్తున్నాం, యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, క్వెస్ట్ హెడ్‌సెట్ మీద. ఫతే దర్వాజా గుమ్మటం కింద గైడ్ చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దగ్గర వినిపించాలి, కథంతా దాని మీదే. బొమ్మ బాగానే వచ్చింది కానీ చూసేవాళ్లు తల ఎటు తిప్పితే చప్పట్లూ అటే తిరుగుతున్నాయి. రీవెర్బ్ (గోడలకి తగిలి తిరిగొచ్చే మోత) పెంచితే గుమ్మటంలా కాదు, బాత్‌రూంలా ఉంది. వచ్చే నెలే ఓపెనింగ్, టెన్షన్‌గా ఉంది.

గోడకి_చెవి:
ఆడియో సోర్స్‌లో (యూనిటీలో శబ్దాన్ని పలికించే భాగం) స్పేషియల్ బ్లెండ్, అంటే శబ్దం ఒక చోటి నుంచి వచ్చినట్టు చేసే సెట్టింగ్, 0 మీదే ఉండి ఉంటుంది, యూనిటీ అలాగే ఇస్తుంది, 1 చేయండి. ఫైల్ స్టీరియో అయితే మోనో (ఒకే చానెల్) చేయండి. అది కూడా చాలదు, యూనిటీ సొంత పానింగ్‌కి (శబ్దాన్ని రెండు చెవులకీ పంచే పద్ధతి) కుడి ఎడమలు తప్ప పైనా కిందా తెలియవు, మీకేమో శబ్దం కొండ కింద నుంచి రావాలి. శబ్దం పైనుంచో కిందనుంచో వచ్చినట్టు చేసే స్టీమ్ ఆడియో లాంటి ప్లగిన్ (యూనిటీకి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) పెట్టి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఎంచుకుని, సోర్స్‌లో స్పేషియలైజ్ టిక్ పెట్టండి (నేను ఆ టిక్ మర్చిపోయి రెండు రోజులు ప్లగిన్‌ని తిట్టుకున్నాను). వ్యాఖ్యానాన్ని మాత్రం కదపకండి, దాన్నీ త్రీడీ చేస్తే జనం మాట్లాడేవాడి కోసం వెతుక్కుంటారు.

బెలూన్_బ్యాచ్:
స్లైడర్లతో గుమ్మటం రాదు. అక్కడికే వెళ్లి బెలూన్ పగలగొట్టి ఆ మోత రికార్డ్ చేయండి, దాన్ని కన్వల్యూషన్ రీవెర్బ్‌తో (ఒక చోటి మోతని వేరే శబ్దానికి అద్దే పద్ధతి) మీ చప్పట్లకి ఎడిటింగ్‌లోనే కలిపేస్తే క్వెస్ట్ మీద భారం కూడా ఉండదు. పైన వినిపించేదానికి మైకు పైనే పెట్టాలి. కోట పురావస్తు శాఖ కింద ఉంది, అనుమతి ఇప్పుడే అడగండి. పొద్దున్నే వెళ్లండి, లేకపోతే రికార్డింగ్ నిండా టూరిస్టుల చప్పట్లే. ఇంకోటి, కింద నుంచి పైకి కిలోమీటరు దాకా అంటారు కదా, శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, అంటే పైకి చేరడానికి దాదాపు 3 సెకన్లు. మీరు వెంటనే వినిపిస్తున్నారా?

ఎక్కడ_సౌండ్:
బ్లెండ్ 0 మీదే ఉందండీ, స్పేషియలైజ్ టిక్ కూడా లేదు, అదే తప్పు! ఆలస్యం కూడా పెట్టలేదు. కానీ 3 సెకన్లు ఏమీ వినిపించకపోతే హెడ్‌సెట్ పాడైందనుకోరా?

బెలూన్_బ్యాచ్:
"ఇప్పుడు కింద కొట్టాడు, వినండి" అని వ్యాఖ్యానంలో చెప్పించి గాలి చప్పుడు ఒక్కటే ఉంచండి. మ్యూజిక్ పెట్టారో, చప్పట్లు అందులో కలిసిపోతాయి.

గ్యాలరీ_డ్యూటీ:
హాల్లో సెట్లు పక్కపక్కనే పెడుతుంటే క్వెస్ట్ స్పీకర్లు వద్దు, ఒకరి చప్పట్లు ఇంకొకరికి వినిపిస్తాయి. చెవులు మూసే హెడ్‌ఫోన్లు పెట్టండి. కాకపోతే అవి పెట్టుకున్నాక మనం పిలిచినా వినపడదు, భుజం తట్టాలి, తడితే ఉలిక్కిపడతారు. ముందే చెప్పి తట్టండి.