జాబ్ పోయింది, ఫుడ్ బ్యాంక్‌కి వెళ్ళొచ్చా? డాలస్ వైపు వాళ్ళు చెప్పండి

ఖమ్మం_టు_ఇర్వింగ్:

అందరికీ నమస్తే. పాత ఐడీతో రాయడానికి మొహం చెల్లక కొత్తది తీసి రాస్తున్నా. ఇర్వింగ్‌లో ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. 2020 అక్టోబర్‌లో గ్రీన్ కార్డు డేట్లు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు అందరితోపాటు నేనూ 485 (గ్రీన్ కార్డు అప్లికేషన్) వేశా, అప్పట్నుంచి ఈఏడీ (వర్క్ పర్మిట్) మీద నడుస్తోంది. అందుకే జాబ్ పోయినా పెట్టెలు సర్దుకోవాల్సిన అవసరం రాలేదు. కానీ జాబ్ పోయి చాలా రోజులైంది. ఇంటర్వ్యూలు వస్తున్నాయి, చివరి రౌండ్ దాకా పోయి ఆగిపోతున్నాయి. రాత్రిళ్ళు డెలివరీలు చేస్తున్నా. దాంతో అద్దె, కరెంటు, కారు ఇన్సూరెన్స్ ఎలాగో గట్టెక్కుతున్నాయి. ఊళ్ళో ఇంటి లోన్ ఈఎంఐ ఒకటుంది. అది ఆగితే బ్యాంకు వాళ్ళు నాన్నకి ఫోన్ చేస్తారు. నాన్నకి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇక కోత పెట్టడానికి మిగిలింది కిరాణా ఒక్కటే. పాలు వారానికి రెండు గ్యాలన్లు తెచ్చేవాళ్ళం, ఇప్పుడు ఒకటే. కూరగాయల్లో క్యాబేజీ, ఉల్లిగడ్డ తప్ప వేరేవాటి వైపు చూడట్లేదు. మొన్న మా ఆవిడ ఆకలిగా లేదని చెప్పి పడుకుంది. ఆ మాట ఎప్పుడు నిజమో ఎప్పుడు కాదో తెలియనంత కొత్త కాపురం కాదు మాది.

ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్ గురించి తనే ఎక్కడో విని చెప్పింది. మాలాంటి వాళ్ళు పోవచ్చా? బయట కారుంది, ఇంట్లో టీవీ ఉంది. ఏ కాగితాలు అడుగుతారు? 485 పెండింగ్‌లో ఉంటే రేపు దానికేమైనా అడ్డమా? మా ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. అక్కడ ఇచ్చేవన్నీ డబ్బాల్లో మాంసమేనా? ఇంకొకటి, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. మన సంఘాల వాళ్ళు అక్కడ వాలంటీరింగ్ చేసి గ్రూపుల్లో ఫోటోలు పెడుతుంటారు. వాళ్ళలో తెలిసినవాళ్ళు కనపడితే?

మసాలా_వడ:

అన్నా, ఫస్ట్ ఒక మాట. ప్లేనోల ఉన్న ఫుడ్ బ్యాంక్ పెద్ద బిల్డింగ్‌కి డైరెక్ట్‌గ పోకు, అక్కడ మనిషికి ఇంత అని ఇయ్యరు. అది గోడౌన్. వాళ్ళ సైట్‌ల జిప్ కోడ్ కొడితే నీ దగ్గర్ల ఏ పాంట్రీ (సరుకులు పంచే చోటు) ఉన్నది, ఏ రోజు తెరుస్తరు అన్నీ వస్తయి. లేకపోతే సాయం ఎక్కడ దొరుకుతదో చెప్పే 211 నంబర్‌కి ఫోన్ కొట్టు, వాళ్ళు కూడా చెప్తరు. పోయే ముందు టైమింగ్స్ మళ్ళ ఒకసారి చూసుకో, పండుగలప్పుడు మారుస్తుంటరు.

తెనాలి_అక్క:

తమ్ముడూ, ముందు ఆ గోడౌన్ సంగతి చెప్తాను. అది తెలిస్తే నీ అనుమానాలు సగం పోతాయి.

నేను ప్లేనోలో ఉంటాను. పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయాక ఇంట్లో ఉబుసుపోక నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంక్‌లో సరుకు ఏరే పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. 1982 నుంచి ఉన్న సంస్థ అది. ప్లేనోలో ఇప్పుడున్న గోడౌన్ 2018లో తెరిచారు. డాలస్, కాలిన్, డెంటన్ దగ్గర్నుంచి పైన ఓక్లహోమా సరిహద్దున ఉన్న గ్రేసన్, ఫానిన్, లామార్ దాకా కౌంటీలు దాని కిందికి వస్తాయి. ఫోర్ట్‌వర్త్ వైపుకి వేరే ఫుడ్ బ్యాంక్ ఉంది. ఇక్కడ్నుంచి సరుకు లారీల్లో పాంట్రీలకీ, చర్చిలకీ, స్కూళ్ళకీ, పెద్దవాళ్ళ సెంటర్లకీ వెళ్తుంది. నీ చేతికి సంచి ఇచ్చేది ఆ పాంట్రీ. మీ ఊళ్ళో ఇర్వింగ్ కేర్స్ ఉంది, ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళ కోసమే నడుపుతున్నారు. ముందు అక్కడ అడుగు.

ఇక సరుకు ఎక్కడిదంటావా. కొంత సూపర్ మార్కెట్లు ఇస్తాయి: తేదీ దగ్గర పడినవి, అట్టపెట్టె నలిగినవి, లేబుల్ తప్పు పడినవి. సైజు సరిగ్గా లేదని కొట్లవాళ్ళు తీసుకోని చిలగడదుంపలు, ఆపిల్స్ తోటల నుంచి వస్తాయి. కొంత యూఎస్‌డీఏ (ఇక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ) పంపిస్తుంది. మిగతాది జనం ఇచ్చిన డబ్బుతో టోకున కొంటారు. ఈ పద్ధతి 1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదలుపెట్టాడు. కొట్టు వెనక చెత్తడబ్బాల్లో తిండి వెతుక్కుని పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి, ఇదంతా పారేసే బదులు ఒకచోట దాచిపెడితే కావలసినవాళ్ళు తీసుకుంటారు కదా అందట. ఇప్పుడు దేశంలో ఇలాంటివి సుమారు 200 ఉన్నాయి. మనసు మంచిదై ఇచ్చినా రేపు ఎవరికైనా ఏదైనా అయితే కేసు పడుతుందని కొట్లవాళ్ళకి భయం ఉండేది. నమ్మకంతో ఇచ్చినవాళ్ళ మీదికి బాధ్యత రాకుండా 1996లో చట్టం చేశారు.

పారేసేదే మనకి పెడతారని మాత్రం అనుకోకు, దాన్ని ఏరే బల్ల దగ్గర నిలబడే మనిషిని నేను. డబ్బా పక్కన చిన్న సొట్ట పడితే ఉంచుతాం. అంచు మీదో అతుకు మీదో సొట్ట పడితే తీసేస్తాం. ఉబ్బిన డబ్బా అయితే ఇంక ఆలోచించే పనే లేదు, బయటికే. పీనట్ బటర్ సీసా మూత తిప్పి లోపల సీల్ చూస్తాం. పాస్తా మీదో డబ్బా బీన్స్ మీదో ‘బెస్ట్ బై’ తేదీ దాటినా కొంతకాలం బాగానే ఉంటాయి, దేనికి ఎంతకాలమో గోడ మీద పట్టిక పెట్టి ఉంటుంది. పసిపిల్లల ఫార్ములా మాత్రం తేదీ ఒక్కరోజు దాటినా ఉంచరు. మా ఇంట్లో ఫ్రిజ్‌ని నేను ఇంత శ్రద్ధగా చూడను.

కాగితాలు: నాకు తెలిసిన పాంట్రీల్లో పేరు, అడ్రస్, ఇంట్లో ఎంతమంది, వాళ్ళ వయసులు అడుగుతారు. ఫోటో ఐడీ, అడ్రస్ ఉన్న కరెంటు బిల్లు దగ్గర పెట్టుకో. ప్రభుత్వ సరుకు ఇచ్చేచోట ఆదాయం ఇంతకు మించి లేదని ఫారం మీద సంతకం చేయాలి. జీతం చీటీలు తెమ్మనరు, నీ మాటే లెక్క. ఆ చూసేది ఇప్పటి ఆదాయం. రెండేళ్ళ కింద నీకెంత వచ్చేదో ఎవరూ తవ్వరు. వీసా ఏంటని నా ముందు ఎవర్నీ అడగ్గా చూడలేదు.

485 విషయం: నేను లాయర్‌ని కాదు. పాంట్రీ సంచి వేరు, ప్రభుత్వం కార్డులో డబ్బు వేసే స్నాప్ వేరు, ఈ రెండూ కలిపి భయపడకు. 2022 రూల్ ప్రకారం గ్రీన్ కార్డుకి పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వం మీద ఆధారపడే మనిషి) అని చూసేది ముఖ్యంగా నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో ఏళ్ళ తరబడి సంస్థల్లో ఉండటం. స్నాప్ అందులో లేదు. కానీ ఆ రూలే తీసేస్తామని 2025 చివర్లో ప్రతిపాదన పెట్టారు. కాబట్టి అమెరికాలో పుట్టిన పిల్లల పేరున స్నాప్ పెట్టాలనుకుంటే ముందు మీ లాయర్‌కి ఒక ఈమెయిల్ కొట్టు. పెట్టొచ్చంటే అప్లికేషన్ నింపడానికి ఫుడ్ బ్యాంక్‌లోనే మనుషులున్నారు, డబ్బులేమీ తీసుకోరు. స్కూల్లో ఉచిత భోజనం ఫారం ఏడాది మధ్యలో కూడా ఇవ్వొచ్చు, ఆదాయం తగ్గింది కదా. అందులో ఇమిగ్రేషన్ ప్రశ్న ఉండదు.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. చాలా పాంట్రీల్లో బండి తోసుకుంటూ మనకి కావలసింది మనమే తీసుకోవచ్చు. ముందే కట్టిన పెట్టె ఇచ్చేచోట మాంసం వద్దని చెప్పాలి. లేబుళ్ళు చదవమను. డబ్బా బీన్స్ కొన్నిట్లో పంది మాంసం ముక్క వేస్తారు, రీఫ్రైడ్ బీన్స్ కొన్ని పంది కొవ్వుతో చేస్తారు, కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అది చికెన్ ఉడికించిన నీళ్ళతో చేసింది కావచ్చు. ఎండు గింజలైతే ఏ బాధా లేదు. బొబ్బర్లు దొరికితే నానబెట్టి వడలు వేయండి, శనగలు దొరికితే ఇంక చెప్పేదేముంది. పీనట్ బటర్ ఎప్పుడూ ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేకుండా బలం ఇచ్చే తిండి అని వీళ్ళు ప్రత్యేకంగా సేకరిస్తారు. చక్కెర కలపని రకం చూసి తీసుకుని, ఎండుమిరపకాయలు వేయించి, కాస్త చింతపండు, ఉప్పు వేసి మిక్సీలో తిప్పి తాలింపు పెడితే ఇడ్లీలోకి పల్లీ చట్నీ కాదని ఎవడూ అనడు. మా ఇంట్లో పల్లీలు అయిపోయిన రోజు అదే.

ఫోటోల గురించి. ఇక్కడి ఇండియన్లు 2017లో ఆకలి పోగొట్టడానికి హంగర్ మిటావో అని మొదలుపెట్టారు, మనవాళ్ళు చాలామంది దాని ద్వారానే వస్తారు. ఆ ఫోటోలు దిగేది గోడౌన్‌లో, జుట్టుకి వలటోపీలు పెట్టుకుని. నీ సంచి దగ్గరికి కెమెరా రాదు. ఒకవేళ పాంట్రీలో తెలిసిన మొహం కనపడితే అక్కడున్నందుకు వాళ్ళకీ ఒక కారణం ఉంటుంది, నవ్వి ముందుకెళ్ళు.

లెక్కల_మాస్టారు:

ఇలా చెప్పేవాళ్ళు వినడానికి నచ్చరు గానీ చెప్తాను. ఆ మధ్య కెనడాలో మన దేశం కుర్రాడొకడు ఫుడ్ బ్యాంక్‌లో సరుకులు తెచ్చుకుని నెలకింత మిగుల్చుతున్నా అని వీడియో పెట్టాడు, పరువు పోయింది. కార్లేసుకుని పోయి లైన్లో నిలబడితే నిజంగా లేనివాళ్ళ వాటా పోదా? కారు అమ్మితే కొన్ని నెలలు తినొచ్చు.

తెనాలి_అక్క:

మాస్టారూ, కారు అమ్మితే ఈయన రాత్రి డెలివరీలు దేని మీద చేస్తాడండీ? సైకిల్ మీద ఇర్వింగ్ అంతా తిరుగుతాడా?

ఆ వీడియో కుర్రాడు చెప్పింది డబ్బు మిగుల్చుకోవడం గురించి. ఈయనది ఆ కథ కాదు. 2020 నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ ముందు మన ఫుడ్ బ్యాంక్ వాళ్ళు ఫెయిర్ పార్క్‌లో సరుకులు పంచిన రోజు వేల కార్లు బారులు తీరాయి, ఫోటోలు దేశమంతా తిరిగాయి. అందులో కొత్త కార్లూ ఉన్నాయి. జీతం ఆగిపోయాక కారు వాయిదా ఆగదు కదా. ఇక్కడ కారు ఉన్నంత మాత్రాన ఇంట్లో బియ్యం ఉన్నట్టు కాదు.

వాటా అంటారా, రెండు సంచులతో ఒకడి నోటి దగ్గరది పోయేంత చిన్న లెక్క కాదిది. తిండిని వాళ్ళు బరువుతో కొలుస్తారు, 1.2 పౌండ్లు ఒక భోజనం కింద లెక్క. పాంట్రీల నుంచి ఎన్ని కుటుంబాలు వచ్చాయో లెక్కలు వస్తుంటాయి, సరుకు పంపేదీ, డబ్బు అడిగేదీ ఆ లెక్కలు చూసుకునే. అవసరం ఉండి కూడా మనం వెళ్ళకపోతే ఇర్వింగ్‌లో అవసరం అంత లేదని రాసుకుంటారు.

ఎమ్మెస్_తిప్పలు:

నేను యూటీ డాలస్ స్టూడెంట్‌ని. మా క్యాంపస్‌లో కామెట్ కబోర్డ్ అని పాంట్రీ ఉంది, సెమిస్టర్ మధ్యలో పార్ట్‌టైమ్ పోయినప్పుడు నేనూ, నా రూమ్మేటూ అక్కడి సరుకుతోనే గడిపాం. సీనియర్లు ఎవరూ చెప్పలేదు, మెస్ బిల్లు గురించి ఏడుస్తుంటే లైబ్రరీలో ఒక అమెరికన్ అమ్మాయి చెప్పింది. అన్నా, ఒక చిట్కా: కూరగాయలు, పాలు కావాలంటే తెరిచే టైముకే వెళ్ళండి, ముందు అయిపోయేవి అవే. డబ్బాలు ఎప్పుడెళ్ళినా ఉంటాయి. బరువు ఆగే సంచులు పట్టుకెళ్ళండి.

ఖమ్మం_టు_ఇర్వింగ్:

అందరికీ థాంక్స్. మాస్టారూ, మీ మాట కూడా నా మనసులో తిరుగుతున్నదే, అందుకే ఇన్నాళ్ళు ఆగా. లాయర్‌కి మెయిల్ పెట్టా. పాంట్రీకి మాత్రం ఆగకుండా పోయొచ్చాం. లోపలికి పోయేదాకా నేనే వెనకడుగు వేశా, మా ఆవిడ మాత్రం రైతు బజార్‌కి పోయినట్టు పోయి ఏది తాజాగా ఉందో నొక్కి చూసి మరీ తీసుకుంది. ఐడీ, కరెంటు బిల్లు చూశారు, ఇంట్లో ఎంతమందని అడిగారు, అంతే. పాలు, క్యారెట్లు, చిలగడదుంపలు, బియ్యం, ఎండు బీన్స్, అక్క చెప్పిన పీనట్ బటర్ దొరికాయి. టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దావిడ మా చిన్నదానికి అరటిపండు ఇచ్చి, మళ్ళీ ఎప్పుడు రావచ్చో కార్డు మీద రాసిచ్చింది.

అక్కా, ఒక డౌట్. సంచిలో గుమ్మడికాయ గుజ్జు డబ్బాలు రెండు వచ్చాయి. పిల్లలు దాన్ని చూసి మూతి తిప్పుతున్నారు. ఏం చేయాలి?

తెనాలి_అక్క:

ముందు డబ్బా మీద చదువు. ఉత్త గుమ్మడికాయ అని ఉంటే పులుసు పెట్టు: చింతపండు రసం, ఉల్లిపాయ, కాస్త బెల్లం, ఉప్పు, కారం, పసుపు వేసి మరిగించి గుజ్జు కలిపి, ఆవాలు, మెంతులు, ఇంగువ, కరివేపాకుతో తాలింపు వేయి. గుజ్జు చిక్కగా ఉంటుంది కాబట్టి బియ్యప్పిండి అక్కర్లేదు. ‘పంప్కిన్ పై ఫిల్లింగ్’ (పై అనే తీపి వంటకంలో పెట్టే గుజ్జు) అని ఉంటే అందులో చక్కెర, దాల్చినచెక్క ముందే వేసేసి ఉంటారు, పులుసు పెడితే నోట్లో పెట్టలేవు. దానికి నెయ్యిలో రవ్వ వేయించి కలిపి హల్వా చేయి, మూతి తిప్పిన పిల్లలే గిన్నె నాకుతారు.