పొడవైన అమ్మాయి కాలేజీ జట్టు మారాలనుకున్నప్పుడు: ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌పై సందేహ నివృత్తి

ప్రశ్న (డాలస్ ప్రాంతం నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లోనే, అయితే పెద్దగా పేరు లేని ఒక విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టులో సెంటర్‌గా (బుట్ట దగ్గర ఆడే స్థానం) ఆడుతూ ఈ వసంతంలో రెండో సంవత్సరం పూర్తి చేస్తోంది. పూర్తి స్కాలర్‌షిప్ ఉంది గానీ, ఒక్కో ఆటలో పది నిమిషాలకు మించి కోర్టులోకి దింపడం లేదు. ఆమె ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే జట్టు మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో, పేరు పెడతానంటోంది. పెద్ద జట్లలో పొడవైన వాళ్లకు గిరాకీ ఉందని, పేరు పెడితే చాలు వాళ్లే పిలుస్తారని ఎవరో మధ్యవర్తులు ఆమెకు సందేశాలు పంపుతున్నారు. అది ఎంతవరకు నిజం? మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలా? పేరు పెట్టాక ఎక్కడా చోటు దొరకకపోతే ఇప్పుడున్న స్కాలర్‌షిప్ ఏమవుతుంది? ఇంకొక సంగతి, ఆమె మా మీద ఆధారపడిన హెచ్-4 వీసాలో ఉంది, వచ్చే ఏడాది 21 నిండుతాయి.

సమాధానం (ఒక విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో చదువుల సలహాదారు)

మీ ప్రశ్నల్లో స్కాలర్‌షిప్ గురించి అడిగినదానికి ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే తక్కినవన్నీ దాని తర్వాతే. పోర్టల్‌లో పేరు చేర్చమని క్రీడాకారిణి రాతపూర్వకంగా కోరితే రెండు పనిదినాల్లో విశ్వవిద్యాలయం చేర్చి తీరాలి, కోచ్ అనుమతితో పని లేదు. 2018 అక్టోబరులో పోర్టల్ రాకముందు, పిల్ల ఎవరితో మాట్లాడవచ్చో పాత కోచే తేల్చేవారు కనుక ఇది ఆటగాళ్లకు మేలు చేసిన మార్పే. అయితే ఆ కాగితం ఇచ్చిన క్షణం నుంచి, నడుస్తున్న టర్ము ముగిశాక స్కాలర్‌షిప్‌ను నిలిపివేసే హక్కు పాత విశ్వవిద్యాలయానికి వస్తుంది. పేరును వెనక్కి తీసుకోవచ్చు గానీ, తిరిగి జట్టులోకి తీసుకోవాలన్న నిర్బంధం వారికి లేదు. కాబట్టి పోర్టల్‌ను ఒకసారి తొంగి చూసి వచ్చే కిటికీగా భావించకండి.

ఏడాది కూర్చోవలసిన అవసరం ఇప్పుడు లేదు. 2021 ఏప్రిల్‌లో ఒక్కసారికి ఆ మినహాయింపు ఇచ్చారు, 2024 ఏప్రిల్‌లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ పరిమితినీ తీసివేసి, చదువు నిబంధనలు నెరవేరితే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చునంది. ఆ "చదువు నిబంధనలు" అన్న మాట దగ్గరే చాలామంది తల్లిదండ్రులు కళ్లు మూసుకుంటారు. మూడో సంవత్సరం మొదలయ్యేనాటికి డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో 40 శాతం, నాలుగో సంవత్సరానికి 60 శాతం, అయిదో సంవత్సరానికి 80 శాతం పూర్తయి ఉండాలి. ఈ శాతాన్ని లెక్కించేది కొత్త విశ్వవిద్యాలయంలో ఆమె చేరబోయే డిగ్రీ ప్రకారం. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే 48 కావాలి. మీ అమ్మాయి చేతిలో 60 ఉన్నా, కొత్తచోట ఆ డిగ్రీ కింద 44 మాత్రమే లెక్కకు తీసుకుంటే, వేసవిలో ఆ నాలుగు క్రెడిట్లు సంపాదించేదాకా ఆటకు అర్హత ఉండదు. ఇంజినీరింగ్, నర్సింగ్ వంటి కోర్సుల్లో ఉన్నవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. కోచ్ ఫోనులో "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే, సరే గానీ ఏ కోర్సు దేనికింద జమ అవుతుందో రిజిస్ట్రారు కార్యాలయం నుంచి కాగితం మీద తెప్పించండి.

గడువు సంగతి. 2022లో ఈ క్రీడకు పేరు పెట్టుకునే గడువు 60 రోజులుండేది, అది 45కు, ఆపైన 30కి తగ్గింది. 2025లో మహిళల బాస్కెట్‌బాల్‌కు మార్చి 25 నుంచి ఏప్రిల్ 23 వరకు ఇచ్చారు. ఈ తేదీలు, రోజుల లెక్క తరచూ మారుతున్నాయి కనుక మీ అమ్మాయి తన కాలేజీలో నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసులో ఈ ఏటి తేదీలు అడిగి తెలుసుకోవాలి. అడిగినంత మాత్రాన పేరు పెట్టినట్టు కాదు. గడువులోగా పేరు చేరితే చాలు, కొత్త జట్టును తర్వాత తీరికగా ఎంచుకోవచ్చు.

మధ్యవర్తుల విషయంలో జాగ్రత్త. పోర్టల్‌లోకి రాని క్రీడాకారిణితో మరో జట్టు కోచ్ నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ మాట్లాడకూడదు. ఆ నియమాన్ని దాటడానికే ఇలాంటి సందేశాలు వస్తుంటాయి. అవి పంపినవారికి మీ అమ్మాయి భవిష్యత్తు మీద ఏ పూచీ లేదు.

సమాధానం (మహిళల కాలేజీ ఆటను చాలాకాలంగా అనుసరిస్తున్న సభ్యుడు)

"వాళ్లే పిలుస్తారు" అన్నది నిజమే. 6 అడుగుల 4 అంగుళాలు ఉన్న అమ్మాయి పేరు కనబడితే ఫోన్లు వస్తాయి. ఎత్తు ఫోను తెప్పిస్తుంది గానీ, ఆడే నిమిషాలను తెచ్చిపెట్టదు. కోర్టు మీద బంతిని నడిపించి అందించే గార్డులు ముగ్గురు, ఒక్కోసారి నలుగురు ఉంటారు, సెంటర్ ఒక్కరే. అందువల్ల సెంటర్‌కు తన ముందు ఎవరున్నారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

లారెన్ బెట్స్‌ను చూడండి. 6 అడుగుల 7 అంగుళాల ఆ అమ్మాయి దేశంలోనే మొదటి ర్యాంకు రిక్రూటుగా 2022లో స్టాన్‌ఫర్డ్‌లో చేరింది. అక్కడ అప్పటికే క్యామరన్ బ్రింక్ ఉంది, ఆటకు పది నిమిషాలు కూడా దక్కలేదు. 2023లో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయానికి మారింది, అక్కడ దాడి మొత్తం ఆమె చుట్టూ అల్లారు, 2025లో ఆ జట్టు జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌కు చేరింది. ఇది విని అందరూ ఇలాగే అవుతారనుకుంటారు. కమిల్లా కార్డోసో కథ వేరు. ఆమెదీ అదే ఎత్తు, బ్రెజిల్ అమ్మాయి, సిరక్యూస్‌లో మొదటి ఏడాదే పేరు తెచ్చుకుని 2021లో సౌత్ కరోలైనాకు వెళ్లింది. అక్కడ ముందున్నది అలియా బోస్టన్. అంటే కూర్చోవలసి వస్తుందని తెలిసే వెళ్లినట్టు లెక్క. రెండేళ్లు ఎక్కువగా బెంచీ మీది నుంచే వచ్చి ఆడింది. బోస్టన్ వెళ్లిపోయాక 2024లో, 38 ఆటల్లో ఒక్కటీ ఓడకుండా టైటిల్ గెలిచిన జట్టుకు ఆమే మూలస్తంభం, ఫైనల్ ఫోర్ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. కార్డోసోకు ముందు మూడేళ్ల సమయం ఉంది కనుక ఆ నిరీక్షణ ఫలించింది. మీ అమ్మాయికి మిగిలినవి రెండు సంవత్సరాలు. ఒక ఏడాది మరొకరి వెనుక కూర్చుంటే సగం అయిపోయినట్టే.

రెండో ప్రశ్న నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది, దాన్ని ఎవరూ అడగరు. ఆమెకు బంతి ఎవరు అందిస్తారు? సెంటర్ తనంతట తాను బంతి తెచ్చుకోలేదు. వేగంగా పరుగెత్తి మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసే జట్టులో, ఎంత పొడవైన అమ్మాయైనా గురితప్పిన బంతిని పట్టే రీబౌండ్లకూ, ప్రత్యర్థికి అడ్డు నిలిచే స్క్రీన్లు పెట్టడానికీ మాత్రమే పనికివస్తుంది. 2024లో కోచ్ కెనీ బ్రూక్స్ వర్జీనియా టెక్ వదిలి కెంటకీకి వెళ్లినప్పుడు 6 అడుగుల 5 అంగుళాల క్లారా స్ట్రాక్ ఆయనతో వెళ్లింది. దానికంటే గమనించవలసినది, అదే జట్టు పాయింట్ గార్డు జార్జియా అమూర్ కూడా వెళ్లింది. పాఠం చెప్పే కోచ్, బంతి అందించే చేయి రెండూ వెంట వచ్చాయన్నమాట. టీసీయూ విశ్వవిద్యాలయంలో సెడోనా ప్రిన్స్ విషయమూ ఇంతే. టెక్సస్ నుంచి ఆరెగన్‌కు, అక్కడి నుంచి టీసీయూకు మారిన 6 అడుగుల 7 అంగుళాల సెంటర్ ఆమె. 2024-25లో హేలీ వాన్ లిత్ గార్డుగా వచ్చి చేరాక, ఆ ఇద్దరి పిక్ అండ్ రోల్ (సెంటర్ అడ్డు నిలిచి, ఆపై బుట్టవైపు కదిలి బంతి అందుకునే ఎత్తుగడ) మీదే ఆ జట్టు తన చరిత్రలో మొదటిసారి చివరి ఎనిమిది జట్ల దశ అయిన ఎలైట్ ఎయిట్‌కు చేరింది. కాబట్టి కోచ్ పిలిచిన రోజున మీ ఊళ్లోనే కూర్చుని ఆ జట్టు గత సీజన్ ఆటలు నాలుగైదు చూడండి, వాళ్ల సెంటర్‌కు బుట్ట దగ్గర (లో పోస్ట్‌లో) బంతి ఎన్నిసార్లు అందిందో లెక్క రాసుకోండి. ఆ గార్డులు వచ్చే ఏడాది ఉంటారా అన్నది కూడా అడగండి, ఎందుకంటే వాళ్లూ పోర్టల్‌లో పేరు పెట్టవచ్చు.

మారకుండా నిలిచినవారూ ఉన్నారు. స్ట్రాక్‌కు ముందు వర్జీనియా టెక్‌లో ఆడిన 6 అడుగుల 6 అంగుళాల ఎలిజబెత్ కిట్లీ అయిదు సీజన్లూ అక్కడే ఆడింది. మీ అమ్మాయి కంటే ముందున్న సెంటర్ ఈ ఏడాదితో వెళ్లిపోతుంటే, ఆ ఖాళీ ఆమె ఎదుటే ఉన్నట్టు.

ప్రశ్న (అదే తల్లి)

చాలా ధన్యవాదాలండీ. ముందున్న సెంటర్‌కు ఇంకో ఏడాది ఉంది, అదే సమస్య. మా వారు మాత్రం పెద్ద జట్టుకు వెళితే డబ్బు కూడా వస్తుందని, ఇప్పుడు కాలేజీలే నేరుగా ఇస్తున్నాయని అంటున్నారు. హెచ్-4లో ఉండగా అది తీసుకోవచ్చా?

సమాధానం (చదువుల సలహాదారు)

మీ వారు విన్నది నిజమే. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చు. 2025-26కు ఒక్కో విశ్వవిద్యాలయానికి గరిష్ఠ పరిమితి 2.05 కోట్ల డాలర్లు. చాలాచోట్ల అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతుంది. ఆ ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో మహిళల జట్టుకు 15 మందే పరిమితి కనుక, చోటు ఇస్తామన్న మాటను నోటిమాటగా వదిలేయకుండా ఆర్థిక సహాయ ఒప్పందంగా రాయించుకోవాలి, అది ఒక ఏడాదికా, రెండేళ్లకా అన్నది అందులో చూసుకోవాలి.

వీసాకు వస్తే, హెచ్-4లో ఉన్న పిల్లలు చదువుకోవచ్చు, స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. పేరును, ముఖాన్ని ప్రకటనలకు వాడుకోనిచ్చి తీసుకునే డబ్బు, కాలేజీ ఇచ్చే వాటా "పని" కిందికి వస్తాయా అన్నది ఇంకా తేలని విషయం, ఎఫ్-1 విద్యార్థి వీసాలో ఉన్నవారికీ ఇదే సందిగ్ధం ఉంది. దీన్ని కోచ్‌తో గానీ, మధ్యవర్తితో గానీ తేల్చుకోకండి. వలస చట్టం న్యాయవాదితోనే మాట్లాడండి. నా అభిప్రాయం అడిగితే, వీసా తేలేదాకా ఆ డబ్బును లెక్కలోకి తీసుకోకుండా జట్టును ఎంచుకోవాలి.

డబ్బుకంటే తొందరైనది 21 ఏళ్ల విషయం. ఆ పుట్టినరోజుతో హెచ్-4 ముగుస్తుంది, దానికి ముందే ఎఫ్-1కు మారాలి. అమెరికాలోనే ఉండి హోదా మార్పుకు దరఖాస్తు చేస్తే తేలడానికి నెలలు పట్టవచ్చు. ఆ దరఖాస్తు పెండింగులో ఉండగా దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టు పరిగణిస్తారు. చాలా జట్లు నవంబరులో బహామాస్ వంటి చోట్ల టోర్నమెంట్లకు వెళతాయి, అక్కడికి వెళ్తే దరఖాస్తు పోతుంది, వెళ్లకపోతే ఆటలు పోతాయి. దరఖాస్తుకు కావలసిన, చదువులో ప్రవేశాన్ని ధ్రువీకరించే ఐ-20 పత్రాన్ని ఇవ్వవలసింది ఆమె చదవబోయే విశ్వవిద్యాలయమే. అంటే జట్టు మారాలన్న నిర్ణయం ఈ వేసవికి ముందే తేలితే, కొత్తచోటి ఐ-20తోనే ఒకేసారి దరఖాస్తు చేయవచ్చు. ఇక్కడ ఎఫ్-1 తీసుకున్నాక మారితే, విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు అయిన సెవిస్ రికార్డును పాత విశ్వవిద్యాలయం కొత్తదానికి బదిలీ చేయాలి, అదీ సాధ్యమే గానీ మరొక అంచె పెరుగుతుంది. కొత్త కోచ్‌కు ఈ విషయం మొదటి సంభాషణలోనే చెప్పండి. దాచి, సీజన్ మధ్యలో బయటపెట్టడం కంటే అదే మంచిది. విదేశీ విద్యార్థినులు ఎక్కువగా ఉన్న జట్లకు ఈ పనులు బాగా అలవాటు, వీసా అనగానే తడబడే జట్టును పక్కన పెట్టడమే మేలు.

ప్రశ్న (అదే తల్లి)

కోచ్ ఫోను చేసినప్పుడు మొహమాటం లేకుండా ఏమి అడగాలి? మా అమ్మాయి సిగ్గరి, పెద్దవాళ్లు ఏమి చెప్పినా తలూపుతుంది.

సమాధానం (ఆటను అనుసరించే సభ్యుడు)

ముందుగా, మాట్లాడవలసింది ఆమే, మీరు పక్కన కూర్చుని రాసుకోండి. "నా ముందు ఎవరున్నారు, వాళ్లకు ఎన్ని సీజన్లు మిగిలాయి, నా స్థానంలో ఇంకెవరినైనా పిలుస్తున్నారా" అన్నది మొదటిది. ఒకే వేసవిలో ఇద్దరు ముగ్గురు సెంటర్లను పోర్టల్ నుంచి తెచ్చుకునే జట్లు ఉన్నాయి, అందరికీ "నువ్వే మా ఆధారం" అని చెప్పడమూ ఉంటుంది. రెండోది, బుట్ట దగ్గర ఆడే పోస్ట్ ఆటగాళ్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే అసిస్టెంట్ కోచ్ ఎవరు, ఆమె లేదా ఆయన ఎన్నాళ్లుగా అక్కడ ఉన్నారు. పొడవైన అమ్మాయికి రోజూ ఎదురయ్యేది ఆ మనిషే గానీ హెడ్ కోచ్ కాదు. మూడోది, ఇప్పటి జట్టులో ఆమెకు తక్కువ నిమిషాలు ఎందుకు వస్తున్నాయో కొత్త కోచ్ వీడియో చూసి ఏమనుకుంటున్నారు. ఫౌళ్లు ఎక్కువ చేయడమో, ఇద్దరు కలిసి చుట్టుముట్టినప్పుడు (డబుల్ టీమ్) బంతి పారేసుకోవడమో కారణమైతే, అది జట్టు మారినంత మాత్రాన పోదు. ఆ లోపాన్ని పేరు పెట్టి చెప్పి, ఎలా దిద్దుతారో చెప్పిన కోచ్‌ను నమ్మవచ్చు, అంతా పొగిడేవారిని నమ్మలేం.

పోర్టల్‌లో పేరు పెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మోకాలికి, చీలమండకు తీసిన స్కానులు, వైద్యుల నివేదికలు పాత జట్టు ట్రైనర్ దగ్గర నుంచి ప్రతులు తీసుకుని దగ్గర పెట్టుకోండి. కొత్త జట్టు వైద్య పరీక్ష చేయకుండా తీసుకోదు. పొడవైన వాళ్ల మోకాళ్ల గురించి వాళ్లు మరీ నిశితంగా అడుగుతారు. పేరు పెట్టాక పాత కార్యాలయాల నుంచి కాగితాలు తెప్పించుకోవడానికి సమయం పడుతుంది, గడువేమో తక్కువ.

ప్రశ్న వేసిన తల్లి

ఈ శుక్రవారం ఆమె కంప్లయన్స్ ఆఫీసులో తేదీలు, రిజిస్ట్రారు దగ్గర క్రెడిట్ల పత్రం అడుగుతుంది. న్యాయవాదితో మేం విడిగా మాట్లాడతాం. అవి చేతికి వచ్చాకే పోర్టల్ కాగితం మీద సంతకం పెట్టాలని ఇంట్లో ముగ్గురం అనుకున్నాం. మా వారు మాత్రం నిన్న రాత్రి నుంచి వరసగా ఆటలు పెట్టి, ఏ జట్టులో సెంటర్‌కు బంతి ఎన్నిసార్లు అందిందో నోటుపుస్తకంలో రాస్తున్నారు.