20 ఎం.ఎం. ప్లేటుకు సీవోటూనా, రాడ్డా?

చర్లపల్లి కుర్రోడు: అన్నలూ, 20 ఎం.ఎం. ఎం.ఎస్. (మామూలు ఉక్కు) ప్లేట్లు రెండు అంచుకి అంచు అతకాలి. సీవోటూతో (వైరు దానంతటదే వచ్చే గ్యాస్ వెల్డింగ్ మిషన్) లాగించెయ్, తొందరగా అయిపోతుంది అంటాడు మా ఓనరు. రాడ్ (చేత్తో పట్టి వేసే వెల్డింగ్ కడ్డీ) అయితేనే లోపలికి దిగుతుందని మేస్త్రీ పట్టు. ఎవరి మాట వినాలి?

బాలానగర్ షెడ్: మేస్త్రీ మాటే. సీవోటూ బీడ్ (వెల్డు వరస) పైకి మెరుస్తుంది, లోపల పట్టదు. ఎన్ని ఊడాయో నేను చూశా.

జీడిమెట్ల సీవోటూ: అది మిషన్ తప్పు కాదన్నా, సెట్టింగ్ తప్పు. 18 వోల్టులు పెట్టి వైరు టపటపలాడుతుంటే మందం ప్లేటు వేడెక్కదు, కరిగిన లోహం పైపైన పారి ఊరుకుంటుంది. 1.2 వైరుతో 250 ఆంపియర్లు, 28 వోల్టులు పెట్టి చూడు. సీవోటూ గ్యాస్‌లో ఆర్క్ లోతుగానే దిగుతుంది, కాకపోతే చిమ్ముతుంది. 80 శాతం పైన ఆర్గాన్ ఉన్న మిక్స్ అయితే ఆ బాధా తగ్గుతుంది.

బాలానగర్ షెడ్: ఆర్గాన్ డబ్బులు నువ్విస్తావా?

కొత్త విద్యార్థి: టిగ్ (ఆర్గాన్ వెల్డింగ్) వేస్తే?

జీడిమెట్ల సీవోటూ: చెరువుని చెంబుతో నింపినట్టుంటుంది తమ్ముడూ. రూట్ రన్‌కి, అంటే అడుగున వేసే మొదటి వరసకి, మాత్రం బంగారం.

రిటైర్డ్ ఫిట్టర్: రాడ్ రాడ్ అంటున్నారు, ఏ రాడ్? రాడ్ నంబర్ 6013 అయితే పెద్దగా దిగదు. 6010 తవ్వుకుంటూ పోతుంది, కానీ ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ మీద సరిగా వెలగదు. 7018 లోతు మధ్యస్థం. దాని గొప్ప హైడ్రోజన్ తక్కువ కావడంలో ఉంది, అది చేరితే వెల్డు పగులుతుంది. ఈ వానల్లో రాడ్లు ఓవెన్‌లో ఆరబెట్టకపోతే అదీ పోయె.

ఏ రాడ్ అయినా దిగేది మూడు నాలుగు ఎం.ఎం. ఒక్క రన్‌లో 20 దిగాలంటే ఎలక్ట్రాన్ బీమ్ లాంటిది కావాలి. అది లోహాన్ని ఆవిరి చేసి సన్నటి బొక్క పొడుచుకుంటూ పోతుంది. మన షెడ్లలో అదెక్కడిది?

పని నేర్చుకునే రోజుల్లో నా బీడ్ చూసి నేనే మురిసిపోయా, చేప పొలుసుల్లా వచ్చింది. మా గురువు దాన్ని హాక్సా బ్లేడుతో అడ్డంగా కోయించి, ఎమెరీ పట్టించి, స్పిరిట్‌లో కొద్దిగా నైట్రిక్ యాసిడ్ కలిపి రాశారు. వెల్డు బూడిద రంగులో బయటపడింది. ఒక పక్క గోడ వెంట పెన్సిలు గీత లాంటి నల్లటి గీత. అక్కడ ప్లేటు కరగనేలేదు. అది రాడ్ వెల్డే, సీవోటూ కాదు.

ఇంతకీ బాబూ, అంచులు బెవెల్ చేశారా, అంటే ఏటవాలుగా చెక్కారా?

చర్లపల్లి కుర్రోడు: లేదు సార్. గ్యాస్ కటింగ్ చేసి స్ట్రెయిట్‌గానే ఆనించి పెట్టాం.

రిటైర్డ్ ఫిట్టర్: అయితే ఓనరూ మేస్త్రీ ఇద్దరూ తప్పే. ముందు గ్రైండర్ పట్టు. 60 డిగ్రీల వీ, అడుగున 2 ఎం.ఎం. గ్యాప్. రెండు వైపులా చెయ్యి అందితే డబుల్ వీ (పైనా కిందా చెరో వీ) చెయ్, దాదాపు సగం లోహంతో సరిపోతుంది. రెండో వైపు వేసేముందు వెనక నుంచి మెరిసే లోహం కనబడేదాకా తవ్వు. ఆ తర్వాత ఏ మిషన్ అయినా పర్లేదు.

జీడిమెట్ల సీవోటూ: నేనూ అదేగా చెప్పబోయింది!

బాలానగర్ షెడ్: చెప్పలేదు కదా. కుర్రోడా, బెవెల్ చేసి రెండు రకాలుగా ముక్కలు వెయ్, కోసి ఫొటో పెట్టు. నా పందెం ఇప్పటికీ రాడ్ మీదే.